పదకొండో స్థానం

జూన్ 3

బుల్లీ,

నీతో ఫోన్లో మాట్లాడ్డం ఇక నా వల్ల కాదమ్మా. మొన్న అరిచి అరిచి గొంతు పోయింది. ఏం గొడవ జరుగుతోందోనని పక్కింటావిడ తలుపు కొట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ స్కోరు బల్ల దగ్గర హారన్ పక్కనే కూర్చుని చెవులు పోగొట్టుకున్నావు, ఇప్పుడు బాధ నాది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మిషను మీద నాలుగు ప్యాంట్ల అంచులు కుట్టాల్సినవి ఉన్నాయి, అవి పక్కన పెట్టి మరీ.

మీ అన్నయ్యకి పక్షవాతం వచ్చి నాలుగు నెలలు దాటింది. మాట కొంచెం తిరిగింది. కుడికాలు మాత్రం అలాగే ఉంది. వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియో పిల్ల మొన్న నన్ను వసారాలోకి పిలిచి చెప్పింది. "కాల్లో బలం ఉందండీ, ఆయనకే లేవాలని లేదు. ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే పడుకుంటే బిగుసుకుపోతుంది. అప్పుడు నన్ను పిలిచినా లాభం లేదు" అంది. అంత పొడుగు మనిషిని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మార్చి మార్చి నా నడుం నాది కాకుండా పోయింది బుల్లీ. నాకూ అరవై వస్తున్నాయి కదా. ఇలా ఎన్నాళ్ళు లాగగలనో తెలియడం లేదు.

సరే, అసలు సంగతి. మీ వర్క్‌షాప్ క్లబ్బు నుంచి కార్డు వచ్చింది. హాల్లో కొత్త చెక్క ఫ్లోరు వేస్తున్నారట, ఆగస్టు ఇరవై నాలుగున ఒక మ్యాచితో ప్రారంభోత్సవమట. ఇన్నేళ్ళలో క్లబ్బుకి బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళలో అందరికంటే గొప్పవాళ్ళు పదిమందిని గోడ మీద బోర్డుకెక్కిస్తారట, ఆ పదిమందినీ ఎంచేది నువ్వేనట. అది చదివి వినిపిస్తుంటే మీ అన్నయ్య గోడ వైపు నుంచి తల ఇటు తిప్పారు. నాలుగు నెలల్లో ఆ మనిషి దేనికైనా తల తిప్పడం అదే మొదలు. నా నోరు ఊరుకోలేదు. "అందులో మీరూ ఉన్నారట, బుల్లి పెట్టిందట, ఆ రోజు హాలు మెట్లు మీరే ఎక్కాలట" అనేశాను.

మర్నాడు పొద్దున్న చూస్తే ఎడంచేత్తో గుండీలు తనే పెట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నారు. ఫిజియో రాకముందే!

అబద్ధం ఆడాను, నిజమే. దాన్ని నిజం చెయ్యడం నీ చేతిలో ఉంది. పదిలో ఎక్కడైనా సరే, చివరైనా సరే. ఒక్కగానొక్క అన్నయ్య కదా.

నీ వదిన

---

జూన్ 12
రికార్డుల గది, మధ్యాహ్నం

వదినా,

అన్నయ్య గుండీలు పెట్టుకున్నాడన్న చోట ఉత్తరం మూసేసి కళ్ళు తుడుచుకున్నాను. ఈ గదిలో నాకు తోడు పాత రోగుల ఫైళ్ళూ ఒక ఫ్యానూ మాత్రమే కాబట్టి నేను ఏడ్చినా అడిగేవాళ్ళు లేరు. ఇంకో ఏడు నెలల్లో నాకూ ఈ ఆసుపత్రికీ రుణం తీరిపోతుంది. ఈలోగా ఈ బోర్డు పని ఒకటి నెత్తిన పడింది.

ఈ పని ఒప్పుకుని తప్పు చేశాను వదినా. రోడ్డు మీద నడవనివ్వడం లేదు. ఎవర్ని అడిగినా వాళ్ళు కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు చూసిన ఆటగాళ్ళే గొప్ప. మా టైంకీపరు, అదే, అందరూ గడియారం అనేవాడు, రోజూ భోజనాల వేళ ఇక్కడికొచ్చి పోట్లాడతాడు. "ఇప్పటి పిల్లలు మనవాళ్ళని పరుగులోనే పడేస్తారు, నీ పాతచింతకాయంతా తీసి అవతల పెట్టు" అంటాడు. "అయితే ఇప్పటివాళ్ళని ఆ సిమెంటు కోర్టు మీద, ఆ అరిగిపోయిన బూట్లతో ఆడమను" అంటాను. కప్పులు లెక్కపెట్టమంటాడు ఒకడు. మంచి జట్టులో పడ్డ సామాన్యుడికి కప్పులొస్తాయి, ఓడే జట్టుని ఒంటిచేత్తో మోసినవాడికి ఏమీ రాదు. మరి అదేం లెక్క? అందుకే నేను జ్ఞాపకాల్ని నమ్మను. నా దగ్గర అట్టపెట్టెల నిండా స్కోరు షీట్లున్నాయి, ప్రతి బాస్కెట్టూ ఏ నంబరు వేసిందో, ఏ నిమిషంలో ఎవరు ఫౌలు చేశారో అన్నీ ఉన్నాయి. ఐదేళ్ళు తక్కువ కాకుండా ఆడినవాళ్ళని తీసుకుని మ్యాచికి ఎంత చొప్పున పడిందో కూడుకుంటూ వచ్చాను.

కోర్టులో పిలిచే పేర్లే రాస్తున్నాను. మొదటివాడు ఎడంచెయ్యి. అందులో గొడవ లేదు. రెండు బుల్లెట్, మూడు నిచ్చెన. ఆ తర్వాతివాళ్ళు నీకు తెలియరు. పదోవాడు పంతులు, అదే, బడిలో లెక్కలు చెప్పేవాడు, ఫ్రీ త్రో వేస్తే గురి తప్పనివాడు. అన్నయ్య పదకొండు.

కోప్పడకు. క్లబ్బుకి నాలుగొందల మంది ఆడారు, అందులో పదకొండు అంటే మాటలా? కానీ బోర్డు మీద పది గీతలే ఉన్నాయి. నా చేత్తో నేను అన్నయ్యని పదిలోకి తోయలేను వదినా. నువ్వు అబద్ధం ఆడినట్టు చెప్పకు, ఇంకా ఖాయం కాలేదని చెప్పు. నడవడం మాత్రం ఆపనివ్వకు.

బుల్లి

---

జూన్ 20

అమ్మా లెక్కల మనిషీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా ఎక్కువ ఒళ్ళు మండింది.

నాకు ఆట తెలియదనుకోకు. మీ జట్టు జెర్సీల మీద నంబర్లు కుట్టింది ఎవరు? మా అంగడిలో నేనే. మీ అన్నయ్య తొమ్మిదో నంబరు రెండుసార్లు ఊడిపోయిందని మూడుసార్లు వచ్చారు. మూడోసారి ఊడలేదు, ఊరికే వచ్చారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నేను ఆ గ్యాలరీలో కూర్చున్నదాన్నే. మీ అన్నయ్య బంతి ఎక్కణ్ణించి వేసేవారో నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. అంత దూరం నించి వేస్తే ఇప్పుడైతే మూడు పాయింట్లు కదా? మీ పాత షీట్లలో రెండేసి రాశావు. మరి ఆ ఒక్కో పాయింటూ కలిపి చూశావా? అప్పుడు కోర్టు మీద ఆ మూడు పాయింట్ల గీత లేకపోతే అది ఆయన తప్పా?

ఇంకొకటి. క్లబ్బుకి లీగు కప్పు వచ్చింది ఒకే ఒక్కసారి. ఆ ఫైనల్లో ఒక పాయింటు వెనకబడి ఉండగా చివరి బాస్కెట్ వేసింది ఎవరు? గ్యాలరీలోంచి దూకి ఆయన్ని భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారా లేదా? ఆ ఒక్క బాస్కెట్‌కే ఆయన పేరు బోర్డెక్కాలి. పంతులు ఏ ఫైనల్లో ఏం వేశాడు?

ఇక్కడ సంగతి చెప్తాను. నిన్న వంటింటి గుమ్మం దాకా నడిచారు. గోడ పట్టుకునే అనుకో, కాని నా చెయ్యి పట్టుకోలేదు. పదిహేడు అడుగులు. తర్వాత కుర్చీలో కూలబడ్డారు. సాయంత్రం ఉన్నట్టుండి "నిచ్చెన ఉన్నాడా లిస్టులో?" అని అడిగారు. మూడోవాడని చెప్పాను. "వస్తాడా ఆ రోజు?" అన్నారు. వస్తాడేమో అన్నాను. అప్పటినించి అదే ధ్యాస. చూశావా, పోటీ అంటే ఎంత పట్టుదలో! ఆ మాట మీద ఇంకో నాలుగడుగులు వేశారు.

నువ్వు ఊ అంటే చాలు బుల్లీ. ఆయన ఆ మెట్లు ఎక్కేస్తారు.

వదిన

---

జూన్ 29

వదినా,

దూరం నించి వేసినవన్నీ ఏ షీట్లోనూ దూరం రాసి లేవు. గీత లేని రోజుల్లో గీత ఊహించుకుని పాయింట్లు పంచలేను. ఆ లెక్కన ఎడంచెయ్యికీ కలపాలి, బుల్లెట్‌కీ కలపాలి.

ఫైనల్ సంగతి ఎత్తకు. ఆ షీటు నేను ఎవరి లెక్కలోనూ కలపలేదు. అందరికీ తీసేశాను.

ఇక్కడ ఫ్లోరు పని మొదలైంది. పాత సిమెంటు పగలగొడుతుంటే ఆ దుమ్ము స్కోరు బల్ల మీద వేలెడు మందాన పేరుకుంది. నాకు వారం నుంచి దగ్గు. ఫైళ్ళ గదిలో దుమ్ము, అక్కడా దుమ్ము. ఇక చాలు అనిపిస్తోంది.

అన్నయ్యని రోజుకి రెండు పూటలా నడిపించు.

బుల్లి

---

జూలై 8

బుల్లీ,

నాలుగు ముక్కలు రాసి పడేస్తే సరిపోతుందనుకున్నావా? ఫైనల్ షీటు తీసేశావా! క్లబ్బు గెలిచిన ఒకే ఒక్క కప్పుని లెక్కలోంచి తీసేసి గొప్పవాళ్ళ లిస్టు రాస్తావా? ఎవరికైనా చెప్తే నవ్వుతారు. అది కలిపితే మీ అన్నయ్య పదిలోకి వస్తారని నీకు తెలుసు, అందుకే తీశావు. ఇన్నాళ్ళూ నోటిదాకా వచ్చినా మింగాను, ఇక చెప్పేస్తున్నాను. నీకు మీ అన్నయ్య మీద కసి ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ పెరట్లో ఆడేవారు, నువ్వే బాగా ఆడేదానివని ఆయనే చెప్పేవారు. మీ నాన్న ఆయనకి బూట్లు కొనిచ్చి కోర్టుకి పంపారు, నీకు పెన్సిలిచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అది ఆయన చేసిన పని కాదు బుల్లీ. నలభై ఏళ్ళ తర్వాత మంచాన పడ్డ మనిషి మీద తీర్చుకుంటావా ఆ కసి?

ఇక్కడ నేను ఎలా ఉన్నానో ఎవరూ అడగరు. మొన్న బాత్రూములో ఆయన తూలితే పట్టుకోబోయి నేనూ పడ్డాను. ఇద్దరం కింద కూర్చుని లేవలేక నవ్వుకున్నాం, తర్వాత నాకు నవ్వు ఆగి ఏడుపొచ్చింది. ఆయన మాత్రం "పద, ఇంకోసారి" అన్నారు. ఇప్పుడు వీధి గేటు దాకా వెళ్తున్నారు. రోజూ అదే ప్రశ్న, నిచ్చెన వస్తాడా, నిచ్చెన వస్తాడా అని. ఆయన మనసులో ఏముందో నాకర్థమైంది. నిచ్చెన కంటే పైన ఉండాలని ఆశ. అది కుదరకపోతే కనీసం నిచ్చెనని మూడులోంచి కొంచెం కిందకి జరుపు, మీ అన్నయ్యని పదిలో పెట్టు. ఇంతకంటే దిగజారి అడగడం నాకు చేతకాదు.

వదిన

---

జూలై 15

వదినా,

కసి అన్నావు. సరే. పెరట్లో ఆట గురించి నువ్వు రాసింది నిజమే, అది నాకు బాధే, కాని ఆ బాధ నాన్న మీద, అన్నయ్య మీద కాదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నాక ఊళ్ళో ఏ మగాడూ నా షీటుని వేలెత్తి చూపించలేదు. నాకు దక్కింది అదొక్కటే. దాన్నే నువ్వు కసి అంటున్నావు.

నిచ్చెన కంటే పైన ఉండాలని అన్నయ్య అడిగాడా? అన్నయ్యేనా? ఇంకెవరైనా అడిగి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. నిచ్చెన మూడోవాడు, మూడులోనే ఉంటాడు. ఈ మాట నా మాటగా అన్నయ్యకి చెప్పు. ఇక ఈ సంగతి మీద నాకు రాయకు.

బుల్లి

---

జూలై 24

బుల్లీ,

రాయొద్దన్నావు. రాయక తప్పడం లేదు.

నీ ఉత్తరాల్లో ఆయన బాధపడే ముక్కలు వదిలేసి మిగతావి చదివి వినిపిస్తుంటాను. మొన్న వచ్చినదాంట్లో వదిలేస్తే మిగిలేదేమీ లేదు. నా మొహం చూసి ఆయనే చెయ్యి చాపి లాక్కున్నారు. చదివారు. ఎడంచేత్తో కాగితం మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నారు. పెళ్ళయిన ముప్పై ఏడేళ్ళలో ఆయన అలా ఏడవడం నేను చూడలేదు. పక్షవాతం వచ్చిన రోజు కూడా ఏడవలేదు.

"నేను అడగలేదు" అన్నారు. "వాడి కంటే పైనా? నేనా?" అన్నారు. తర్వాత ఆగి ఆగి చెప్పారు. మాట పూర్తిగా తిరగలేదు కదా, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ గంట పట్టింది.

ఫైనల్లో చివరి బాస్కెట్ ఆయనది కాదట బుల్లీ. ఆయన దూరం నించి వేశారు, అది రింగుకి తగిలి బయటికొచ్చింది. ఆ గుంపులోంచి నిచ్చెన ఎగిరి వేళ్ళ కొసతో మళ్ళీ లోపలికి తట్టాడు. హారన్ మోగింది. జనం దూకారు, ఆయన్ని ఎత్తుకున్నారు. కాదు, నేను కాదు అని రెండుసార్లు అరిచారట, ఆ గోలలో ఎవరికీ వినపడలేదట. కిందకి దిగేసరికి షీట్లో తొమ్మిది అని ఉంది, రిఫరీ సంతకం కూడా అయిపోయింది. ఇక నోరు మెదపలేదు.

ఆ నెల్లోనే వర్క్‌షాప్‌లో ఆటగాళ్ళకని ఒక్క ఉద్యోగం పడింది కదా. ఇద్దరూ వెళ్ళారట. పెద్ద ఆఫీసరు "ఫైనల్ గెలిపించింది నువ్వేనా?" అని అడిగాడట. మీ అన్నయ్య అవునన్నారట. నిచ్చెన ఆ మాట వింటూ పక్కనే నిలబడ్డాడట. ఈయన లేతు మిషను దగ్గరికెళ్ళారు, అతను కలప డిపోలో దుంగలు మొయ్యడానికెళ్ళాడు.

మూడు రోజులైంది ఇది విని. జిప్పు కుట్టడానికి కూర్చుంటే సూది వేలికే దిగుతోంది. ఆ ఉద్యోగం లేకపోతే మా నాన్న నన్ను ఇచ్చేవాడే కాదు. నా పెళ్ళి, ఈ ఇల్లు, ఇన్నేళ్ళ నా కాపురం ఇంకొకడి వేళ్ళ కొసన వచ్చిందన్నమాట. ఎవర్ని తిట్టాలో కూడా తెలియడం లేదు.

నిచ్చెన వస్తాడా అని ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు తెలిసింది. అతనికి చెప్పాలట. తన కాళ్ళ మీద వెళ్ళి చెప్పాలట. లిస్టు సంగతి ఆయన మొదటి రోజే నమ్మలేదట. "బుల్లి నన్ను పెట్టదు, పెడితే అది బుల్లే కాదు" అన్నారు.

నీ షీటు తప్పని ఇలా చెప్పాల్సి వచ్చినందుకు నన్ను క్షమించు. నీకు దక్కింది అదొక్కటే అని రాశావు. కసి అన్నందుకు కూడా క్షమించు.

వదిన

---

ఆగస్టు 1

వదినా,

నువ్వు క్షమాపణ అడగకు. నాకు తెలుసు.

ఆ షీటు రాసిన ఆ క్షణం నుంచే తెలుసు. పెరట్లో ఆడేటప్పుడు అన్నయ్య చేతిలోంచి బంతి వదిలితే చాలు, నేను "పడింది" అని అరిచేదాన్ని. పడేది కూడా. బల్ల దగ్గర కూర్చున్నాక అదే అలవాటు పెన్సిలికి వచ్చింది. మిగతా అందరికీ బంతి వల దాటాకే రాస్తాను. అన్నయ్యకి మాత్రం చేతిలోంచి వదలగానే రాసేస్తాను. ఆ రోజూ అంతే. తొమ్మిది అని రాసి తలెత్తాను. రింగు దగ్గర నిచ్చెన వేళ్ళు కనపడ్డాయి. రబ్బరు బల్ల మీదే ఉంది. చెరిపి ఆయన నంబరు పన్నెండు అని రాయడానికి రెండు క్షణాలు చాలు. తలెత్తి చూస్తే అన్నయ్య జనం భుజాల మీద ఉన్నాడు, నాన్న గ్యాలరీలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నాన్న చప్పట్లు కొట్టడం నేను అంతకుముందు చూడలేదు. నాకు పంతొమ్మిదేళ్ళు. రిఫరీ చెయ్యి చాపాడు, షీటు ఇచ్చేశాను.

ఉద్యోగం సంగతి తర్వాత తెలిసింది. అప్పటినుంచి నిచ్చెన కోర్టులోకి వస్తే నేను తలెత్తి ఆయన మొహం చూడలేదు. నంబరు చూసి రాసుకునేదాన్ని.

నువ్వు అనుమానపడ్డది నిజమే, కారణమే వేరు. అన్నయ్యని పదకొండు చేసింది అంకెలు కాదు, నేనే. ఫైనల్ కలిపి, ఆ చివరి రెండు పాయింట్లు నిచ్చెనకి ఇచ్చేసినా కూడా అన్నయ్య పంతులు కంటే వెంట్రుకవాసి పైనే ఉంటాడు. ఆ షీటు ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు, అందుకని మొత్తంగా పక్కకి నెట్టేశాను. పైగా నిజాయితీ అని నీకు ఉపన్యాసం ఇచ్చాను. నా తప్పుకి అన్నయ్యకి శిక్ష వేసి, దానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను.

నిన్న క్లబ్బు సెక్రటరీ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నలభై ఏళ్ళ నాటి మ్యాచి గురించి ఇప్పుడెవరండీ అడిగేది, పెయింటరు వాళ్ళకి లిస్టు వెళ్ళిపోయింది" అన్నాడు. నేను పట్టుబట్టి ఒక కాగితం రాసి సంతకం పెట్టి ఆ షీటుకి కుట్టించాను. బోర్డు మీద పదో పేరు మార్చడానికి ఇంకా ఒక వారం వ్యవధి ఇచ్చాడు. అన్నయ్యని అడుగు. పంతులు దిగి అన్నయ్య ఎక్కుతాడు, అది న్యాయమే.

బుల్లి

---

ఆగస్టు 6

బుల్లీ,

అడిగాను. "పంతులు జోలికి పోవద్దని చెప్పు" అన్నారు.  నీ ఉత్తరం తన దిండు కింద పెట్టుకున్నారు.

బస్సులో ఐదు గంటలు కూర్చోగలరో లేదోనని నాకు భయంగా ఉంది. ఫిజియో పిల్ల పరవాలేదంటోంది. వస్తున్నాం. నువ్వు రిక్షా అవీ ఏర్పాటు చెయ్యకు, నడుస్తారట.

వదిన

---

ఆగస్టు 28

బుల్లీ,

ఇంటికి క్షేమంగా చేరాం. చేరిన దగ్గర్నుంచి రెండ్రోజులు మీ అన్నయ్య పక్క దిగలేదు, కాలు వాచింది. నాకూ ఒళ్ళు హూనమైంది. ఇవాళ పొద్దున్న లేచి గేటు దాకా వెళ్ళొచ్చారు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

ఆ రోజు నువ్వు స్కోరు బల్ల వదలడానికి లేకపోయింది. ఆట అయ్యేసరికి మాకు బస్సు టైమైంది. వెనక వరసలో ఏం జరిగిందో నీకు తెలియదు. ఆ హోరులో నీ చెవిలో అరిచి చెప్పే మాటలు కావు అవి.

మెట్లు ఎక్కడం నువ్వు చూశావు కదా. ఏడు మెట్లకీ ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు, కళ్ళు మూసుకున్నాను. లోపలికెళ్ళగానే బోర్డు వైపైనా చూడకుండా వరసలన్నీ వెతుక్కుంటూ పోయి నిచ్చెన పక్కన కూలబడ్డారు. అతనూ వంగిపోయాడు, నడుం సగానికి ఒరిగిపోయి ఉంది, ఇప్పుడెవరూ నిచ్చెన అనరు. ఈయన మాటలు తడబడుతున్నాయని నేను అందిస్తూ కూర్చున్నాను. బాస్కెట్ నాది కాదు, నీది. ఆఫీసరు దగ్గర కూడా అబద్ధం ఆడాను. ఇంతే చెప్పడానికి చాలాసేపు పట్టింది.

అతను ఆటవైపే చూస్తూ విన్నాడు. విని, "నా వేలికి తగిలిన బంతి నాకు తెలీదా?" అన్నాడు.

మరి అప్పుడే ఎందుకు అడగలేదని నేనే అడిగేశాను, ఆగలేకపోయాను.

"అడుగుదామనే బల్ల దగ్గరికెళ్ళానమ్మా. ఆ పిల్ల షీటు వైపు చూస్తోంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. తన తప్పు తనకి తెలిసిపోయిందని అర్థమైంది. లీగు మొత్తం మీద బల్ల దగ్గర కూర్చున్న ఆడపిల్ల ఆ ఒక్కతే. ఎప్పుడు తప్పు చేస్తుందా, ఎప్పుడు లేపేద్దామా అని కమిటీ వాళ్ళు కాచుక్కూర్చున్నారు. నేను నోరు తెరిస్తే ఆ పిల్ల మళ్ళీ పెన్సిలు పట్టుకునేది కాదు. సరేలే, రెండు పాయింట్లే కదా అనుకున్నాను. వాటి వెనక ఉద్యోగం ఉందని అప్పటికి నాకేం తెలుసు?" అన్నాడు.

తర్వాత మీ అన్నయ్య వైపు తిరిగి, "ఆ పిల్ల సంగతి వేరు. నువ్వు మాత్రం చెప్పాల్సిందిరా. ఆ ఆఫీసు గదిలో నా పక్కన నిలబడి చెప్పాల్సింది. నా నడుం చూశావా?" అన్నాడు. మీ అన్నయ్య చూశారు. తలొంచుకున్నారు.  అతను క్షమించానని అనలేదు, ఈయనా అడగలేదు. ఆట అయ్యేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు ఈయన లేవలేకపోతే మోచెయ్యి కింద చెయ్యి వేసి లేపింది మాత్రం అతనే.

బస్సులో మీ అన్నయ్య చాలాసేపు కళ్ళు మూసుకునే ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను. "బుల్లికి చెప్పు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

నీ వదిన

---

సెప్టెంబరు 4

వదినా,

ఉత్తరం నిన్న వచ్చింది. గడియారం భోజనాల వేళకి వచ్చి ఐదోవాడు ఎందుకు ఐదోవాడని ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. ఇవాళ నా వల్ల కాదు, వెళ్ళమన్నాను. నా మొహం చూసి వెళ్ళిపోయాడు.

ముప్పై ఎనిమిదేళ్ళు. నా షీట్లో తప్పు పట్టినవాడు లేడని చెప్పుకుంటూ బతికాను. పట్టినవాడు ఒకడున్నాడు, పట్టి వదిలేశాడు. ఆ పని నా దగ్గర ఉండటం ఆయన దయ వదినా. అంతకాలమూ నేను తలెత్తకుండా ఆయన నంబరు రాసుకుంటూ కూర్చున్నాను, ఆయనకి కోపం ఉంటుందేమోనని.

రేపు ఆసుపత్రికి సెలవు పెట్టాను. కలప డిపో వెనక సందులో మూడో ఇల్లట, సెక్రటరీని అడిగి కనుక్కున్నాను. పొద్దున్నే వెళ్తాను. ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించాను, ఒక్క ముక్కా తోచలేదు. పైగా ఆయన ఏం అంటాడో నాకు సరిగా వినపడదు కూడా, దగ్గరగా కూర్చోవాలి. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు వదినా.

బుల్లి